ఎన్‌ఎల్‌ఆర్ 34449 ఆకుల మీద సూదిమొన చుక్కలు: తెగులా, మొక్క తనను తాను కాపాడుకున్న గుర్తా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. బుచ్చిరెడ్డిపాళెం దగ్గర నాలుగెకరాల్లో వరి వేశారు, సగం బీపీటీ 5204 (సాంబ మసూరి) రకం, సగం ఎన్‌ఎల్‌ఆర్ 34449 రకం. నాటి నలభై రోజులు దాటింది, రాత్రిళ్లు మంచు పడుతోంది, రెండు పొలాల్లోనూ ఆకుల మీద మచ్చలు కనిపించాయి. షాపులో చూపిస్తే ‘మొక్కకు ఇమ్యూనిటీ పెంచే మందు’ అని ఒక డబ్బా ఇచ్చి నాలుగెకరాలకీ కొట్టమన్నారు. అసలు మొక్కకు మనలాగా రోగనిరోధక శక్తి ఉంటుందా, ఉంటే మచ్చలెందుకు వచ్చాయి, ఆ మందు కొట్టాలా వద్దా అని మీ సందేహం.

ముందు సూటిగా చెప్తాను. మొక్కకు రోగనిరోధక శక్తి ఉంది, చాలా గట్టిదే ఉంది. మీ ఎన్‌ఎల్‌ఆర్ పొలం ఫొటోలో సూదితో పొడిచినట్టున్న గోధుమ చుక్కలు, తెగులు దిగిన చోట మొక్క తన కణాలను తానే చంపుకుని దాన్ని అక్కడికక్కడ ఆపేసిన గుర్తులు. ఆ రెండెకరాలకు ఇప్పుడు ఏ మందూ అక్కర్లేదు. బీపీటీ ఫొటోలో ఉన్నవి వేరు. అవి నూలుకండె ఆకారంలో ఉన్నాయి, నడుమ బూడిద రంగు, చుట్టూ గోధుమ అంచు. అది అగ్గి తెగులే (శిలీంద్రం, అంటే బూజు జాతి జీవి తెచ్చే వరి రోగం), పైగా ముదురుతోంది. ఆ పొలానికి ఇమ్యూనిటీ డబ్బాతో పని జరగదు, అగ్గి తెగులు మందే కావాలి, అదీ రేపో ఎల్లుండో.

నేను మొక్కల తెగుళ్ల మీద ముప్పై ఏళ్లకు పైగా పనిచేశాను. ఎక్కువ కాలం పెన్నా డెల్టా వరిలో, కొన్నాళ్లు కందుకూరు, పొదిలి వైపు పొగాకు, శనగల్లో. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో కోవూరు దగ్గర ఒక పెద్దాయన ఇలాగే చుక్కలున్న ఆకులు తెచ్చి చూపిస్తే, అగ్గి తెగులే కొట్టెయ్యమని చెప్పాను. ఆయన కొట్టాడు. గట్టుకు అవతలి రైతు అదే రకం వేశాడు, చేతిలో డబ్బుల్లేక కొట్టలేదు. కోతలయ్యాక ఇద్దరికీ ఎకరానికి పడిన పుట్లు ఒకటే. ‘మరి నా మందు దేనికి పనిచేసినట్టు సార్?’ అని ఆయన అడిగినప్పుడు నా దగ్గర జవాబు లేదు. ఆ జవాబు కోసమే తర్వాత చాలా రాత్రిళ్లు మైక్రోస్కోపు ముందు కూర్చున్నాను.

అప్పుడు చూసింది చెప్తాను, ఎందుకంటే మీ ప్రశ్నకు అసలు సమాధానం అక్కడే ఉంది. వరి ఆకు తొడిమ లోపలి పొరను ఒలిస్తే కణాలు ఇటుకలు పేర్చినట్టు వరసగా కనిపిస్తాయి. దాని మీద అగ్గి తెగులు సిద్ధబీజాలు (శిలీంద్రానికి విత్తనాల్లాంటివి) కలిపిన నీళ్లచుక్క వేసి, ఒకటిన్నర రెండు రోజుల తర్వాత చూడాలి. తట్టుకోలేని రకంలో శిలీంద్రం దారం మొదటి కణంలోకి దిగి, మెలికలు తిరిగి, పక్క కణంలోకి, అక్కడి నుంచి ఇంకో కణంలోకి పాకి ఉంటుంది. ఆశ్చర్యం ఏమిటంటే ఆ కణాలు ఇంకా బతికే ఉంటాయి, తమలోకి ఎవరో వచ్చారని వాటికి తెలియనట్టే ఉంటుంది. తట్టుకునే రకంలో మాత్రం ఒక్క కణం, మహా అయితే రెండు, లోపలంతా గోధుమ రంగు గింజకట్టి, ఆ గింజల మధ్య శిలీంద్రం దారం పొట్టిగా ఆగిపోయి ఉంటుంది. చుట్టూ కణాలు శుభ్రంగా ఉంటాయి. మీ ఎన్‌ఎల్‌ఆర్ ఆకు మీది ప్రతి చుక్కలోనూ జరిగింది ఇదే.

ఇక్కడ మనకూ మొక్కకూ తేడా చెప్పాలి. మన రక్తంలో తిరిగే తెల్లకణాలు రోగం ఉన్న చోటికి వెళ్లి పోరాడతాయి. మొక్కకు అలాంటి కాపలా కణాలు లేవు, యాంటీబాడీలు లేవు. ప్రతి కణం తన కాపలా తానే కాసుకోవాలి. వేరు కణమైనా, ఆకు కణమైనా గోడ కట్టుకోవాలి, శత్రువును గుర్తుపట్టాలి, పక్కవాళ్లకు కబురు పంపాలి, అవసరమైతే చచ్చిపోవాలి.

మొదట గోడ సంగతి. అగ్గి తెగులు సిద్ధబీజం తడి ఆకు మీద పడితే కొద్ది గంటల్లోనే మొలిచి, చివర ఒక గుండ్రటి బుడిపె కడుతుంది. బుడిపె గోడకు లోపల మెలనిన్ అనే నల్లటి పూత వేసుకుంటుంది, ఆ పూత వల్ల లోపలి ఒత్తిడి బయటికి జారిపోదు. లోపల పేరుకునే ఒత్తిడి సుమారు 80 వాతావరణ పీడనాల దాకా పోతుందని కొలిచారు. కారు టైరులో ఉండే గాలి ఒత్తిడికి అది ముప్పై, నలభై రెట్లు. ఆ ఒత్తిడితో సన్నటి మేకును ఆకులోకి దించినట్టు దించుతుంది. మీరు వినే ట్రైసైక్లజోల్ అనే అగ్గి తెగులు మందు ఏం చేస్తుందంటే ఆ మెలనిన్ పూత పడనివ్వదు. పూత లేకపోతే ఒత్తిడి నిలవదు, మేకు దిగదు. అందుకే ఈ మందు తెగులు దిగకముందు కొడితే బాగా పనిచేస్తుంది, దిగిపోయి ఆకంతా మచ్చలు కట్టాక కొట్టి ‘మందు పనిచేయలేదు’ అంటే అది మందు తప్పు కాదు.

వరికి గోడ విషయంలో ఇంకో బలం ఉంది, సిలికా. వరి ఎండు బరువులో పది శాతం దాకా సిలికానే ఉండొచ్చు. వేర్లు నీటిలో కరిగిన సిలిసిక్ ఆమ్లాన్ని పీల్చుకుంటాయి, అది ఆకు పైపొర కణాల్లో గాజు పలకలా పేరుకుంటుంది. ఒకసారి కోట మండలం రైతు ఒకాయన, ‘మా ఊరి చుట్టూ సిలికా ఇసుక తవ్వి లారీల్లో తీసుకెళ్తుంటారు, అదే పొలంలో చల్లితే పోదా సార్’ అని అడిగాడు. మంచి ప్రశ్న. కానీ ఇసుక రూపంలోని సిలికా నీళ్లలో దాదాపు కరగదు, కరగనిది వేరు తీసుకోలేదు. ఊక బూడిద మేలు, అందులోనూ బాగా తెల్లగా కాలిపోయిన దానికంటే బూడిద నలుపు రంగులో ఉన్నది త్వరగా కరుగుతుంది. గడ్డిని మళ్లీ పొలానికే ఇవ్వడం ఇంకా మేలు, ఎందుకంటే గడ్డితో పాటు మనం ఏటా బయటికి పంపేది ఆ సిలికానే. ఇంకొకటి, పొలంలో నీళ్లు నిలబడి ఉంటే నేలలో సిలికా వరికి ఎక్కువ అందుతుంది. కాలువ వంతు ఆలస్యమై నెర్రెలిచ్చిన మడుల్లో అగ్గి తెగులు ముందు కనిపించడానికి ఇదొక కారణం.

గోడ దాటాక గుర్తుపట్టడం. గెలుపోటములు ఎక్కువగా ఇక్కడే తేలతాయి. శిలీంద్రాల కణగోడలో కైటిన్ అనే పదార్థం ఉంటుంది, రొయ్య పెంకులో ఉండేదీ అదే. మన తీరంలో రొయ్యలు పెంచేవాళ్లకు ఈ పేరు కొత్త కాదు. మొక్కలో కైటిన్ ఉండదు. కాబట్టి కైటిన్ ముక్క తగిలిందంటే శిలీంద్రం వచ్చిందని వరి కణం లెక్కేసుకుంటుంది. కణం పైపొరలో దాన్ని పట్టుకునే గ్రాహకాలు ఉన్నాయి. అవి తగిలిన నిమిషాల్లో కాల్షియం లోపలికి ఉరుకుతుంది, హైడ్రోజన్ పెరాక్సైడ్ పుడుతుంది, మేకు దిగుతున్న చోట లోపలి నుంచి కాలోజ్ అనే పదార్థంతో అతుకు పడుతుంది. గాయం మీద ఆసుపత్రిలో పోసే పెరాక్సైడ్ ఉంది చూడండి, అదే. ఆ తర్వాత కైటిన్‌ను కోసే ఎంజైములు, శిలీంద్రాన్ని చంపే విష పదార్థాలు కొన్ని గంటల్లో తయారవుతాయి. చాలా రోగకారకాలను మొక్క ఈ దశలోనే తిప్పికొడుతుంది, మనకు మచ్చ కూడా కనపడదు.

మరి బీపీటీకి గ్రాహకాలు లేవా అంటే ఉన్నాయి. అగ్గి తెగులు శిలీంద్రం తెలివి అక్కడే. తన కైటిన్ ముక్కలు గ్రాహకానికి తగలకముందే వాటిని పట్టేసుకునే ఒక ప్రొటీన్‌ను వదులుతుంది, తన గోడ మీద ఇంకో రకం పూత వేసుకుని కైటిన్ కనపడకుండా దాస్తుంది. ఇలాంటి ప్రొటీన్లు చాలానే కణం లోపలికి పంపి రక్షణను పడుకోబెడుతుంది. నేను స్లైడు మీద చూసిన, బతికే ఉండి ఏమీ చేయని కణాలు అలా పడుకోబెట్టినవే.

అప్పుడు రెండో కాపలా అవసరం. కణం లోపల ఇంకో జాతి ప్రొటీన్లు ఉంటాయి, అవి శత్రువు పంపిన ప్రొటీన్‌నే గుర్తుపడతాయి. వాటి ఇంగ్లిషు పేరుకు పొడి అక్షరాలు కూడా ఎన్‌ఎల్‌ఆర్. మన నెల్లూరు రకాలకున్న ఎన్‌ఎల్‌ఆర్‌కూ దానికీ సంబంధం లేదు, ఇది ఊరి పేరు, అది ప్రొటీన్ ఆకారం పేరు. కానీ ఈ రెండు ఎన్‌ఎల్‌ఆర్‌లూ కలిసేది మీ పొలంలోని ఆ చుక్కలోనే అని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది. వరి జన్యువుల్లో ఇలాంటి కాపలా ప్రొటీన్లకు సంబంధించినవి 500 దాకా ఉన్నాయి. ఒక్కొక్కటీ ఒకరిద్దరు శత్రువులనే గుర్తుపడుతుంది. గుర్తుపట్టిందంటే కణం ఆగదు, తనను తాను చంపుకుంటుంది. అగ్గి తెగులుకు మొదటి రోజుల్లో బతికున్న కణమే కావాలి కాబట్టి, ఇల్లే తగలబడితే దొంగ చిక్కుకున్నట్టు అది అక్కడే చిక్కిపోతుంది.

అమెరికాలో ఫ్లోర్ అనే శాస్త్రవేత్త అవిసె తుప్పు తెగులు మీద పనిచేసి 1940లలోనే ఇది చెప్పాడు: మొక్కలో ఒక జన్యువు, రోగంలో దానికి జోడీగా ఒక జన్యువు, తాళం, తాళంచెవి లాగా. దీనిలో ఉన్న చిక్కు కూడా మీరు తెలుసుకోవాలి. శిలీంద్రం ఆ ఒక్క ప్రొటీన్‌ను మార్చుకున్నా, వదిలేసుకున్నా కాపలావాడికి గుర్తు దొరకదు. ‘ఈ రకం మొదట్లో తెగులు తట్టుకునేది సార్, ఇప్పుడు విత్తనం చెడిపోయింది’ అని మన దగ్గర అంటుంటారు. చాలాసార్లు విత్తనం అదే ఉంటుంది, తెగులు మారి ఉంటుంది. అందుకే మీ ఎన్‌ఎల్‌ఆర్ పొలాన్ని కూడా వారానికోసారి చూస్తూ ఉండండి. చుక్క చుక్కలాగే ఉంటే సరే. గుండ్రంగా పెరిగి నడుమ బూడిద రంగు వస్తే అప్పుడు నిర్ణయం మార్చుకోవాలి.

ఇంట్లోనే చేసుకునే పరీక్ష ఒకటి చెప్తాను. రెండు పొలాల నుంచీ మచ్చలున్న ఆకు ముక్కలు తెచ్చి, మూత ఉన్న రెండు టిఫిన్ డబ్బాల్లో తడి కాగితం పరిచి విడివిడిగా పెట్టండి. రాత్రంతా ఉంచి పొద్దున్నే భూతద్దంతో చూడండి. మచ్చ నడుమ బూడిద రంగు నూగు కనిపిస్తే అది బతికున్న తెగులు, సిద్ధబీజాలు విడుదల చేస్తోంది. గోధుమ చుక్కలు అలాగే పొడిగా ఉంటే లోపల శిలీంద్రం ఆగిపోయిందని దాదాపు నమ్మొచ్చు. ఒక జాగ్రత్త. గోధుమ మచ్చ తెగులని ఇంకొకటి ఉంది, నువ్వుగింజంత కోలగా వస్తుంది, పోషకాలు చాలని నేలల్లో ఎక్కువ. చుక్కలు నువ్వుగింజ సైజుకు వచ్చి, చుట్టూ పసుపు వలయం ఉంటే దగ్గర్లోని రైతు సేవా కేంద్రంలో చూపించండి.

యూరియా గురించి కాస్త గట్టిగానే చెప్పాలి. బీపీటీలో మూడో దఫా యూరియా వేశారా అన్నది మీరు రాయలేదు, కానీ ఫొటోలో పైరు నల్లపచ్చగా ఉంది, నాకు అనుమానంగా ఉంది. నత్రజని ఎక్కువైతే ఆకు మెత్తగా వేగంగా పెరుగుతుంది, కణగోడ పలచబడుతుంది, సిలికా పేరుకోవడం తగ్గుతుంది, కణంలో కరిగి ఉన్న అమైనో ఆమ్లాలు పెరుగుతాయి, అవి శిలీంద్రానికి విందు భోజనం. అంటే గోడ తగ్గించి తిండి పెంచామన్నమాట. విడవలూరు వైపు ఒక రైతు మంచు రోజుల్లో పైరు పసుపు తిరిగిందని ఎకరానికి బస్తా యూరియా ఒకేసారి చల్లాడు. పది రోజులకు పైరు మంట తగిలినట్టు అయింది, ఆ ఏడు ఎకరానికి పుట్టిన్నర తగ్గింది. పుట్టి అంటే మనకు 850 కిలోలు, ఎంత నష్టమో మీరే లెక్కేసుకోండి. కాబట్టి తెగులు ఆగి కొత్త ఆకు శుభ్రంగా వచ్చేదాకా యూరియా ఆపేయండి. పొటాష్ వేయకపోయి ఉంటే చిరుపొట్ట దశలో వేయండి.

ఇక ఆ ‘ఇమ్యూనిటీ మందు’. ఆలోచన గాలిలోంచి పుట్టింది కాదు, అందుకే కొట్టిపారేయను. దీని కథ మన కందుకూరు వాళ్లకు బాగా తెలిసిన పంటలోనే మొదలైంది, పొగాకులో. 1961లో అమెరికాలో రాస్ అనే శాస్త్రవేత్త పొగాకు కింది ఆకులకు మొజాయిక్ వైరస్ రుద్దాడు. ఆ మొక్క రకానికి కణాలను చంపుకుని వైరస్‌ను ఆపే గుణం ఉంది. కొన్నాళ్లకు అదే మొక్క పైఆకులకు మళ్లీ వైరస్ రుద్దితే మచ్చలు తక్కువగా, చిన్నగా వచ్చాయి. అంటే కింది ఆకు నుంచి పైకి కబురు వెళ్లింది. 1979లో ఇంగ్లాండులో వైట్ అనే ఆయన పొగాకు ఆకుల్లోకి ఆస్పిరిన్ ఎక్కించి చూస్తే వైరస్ మచ్చలు బాగా తగ్గాయి. ఆ కబురు వ్యవస్థలో సాలిసిలిక్ ఆమ్లం ముఖ్యమైనదని తర్వాత తేలింది, ఆస్పిరిన్ దానికి చుట్టమే. జపాన్‌లో ప్రొబెనజోల్ అనే మందును 1970ల నుంచి వరి అగ్గి తెగులుకు వాడుతున్నారు, అది మొక్క రక్షణను లేపే మందే.

అయితే మూడు సంగతులు గుర్తుంచుకోవాలి. ఇవన్నీ తెగులు రాకముందు ఇస్తేనే పనిచేస్తాయి, మొక్క సిద్ధం కావడానికి రోజులు పడుతుంది. మీ బీపీటీలో మచ్చ ఇప్పటికే సిద్ధబీజాలు చిమ్ముతోంది, అంత వ్యవధి లేదు. రెండోది, రక్షణకు మొక్క శక్తి ఖర్చు పెడుతుంది, అవసరం లేకుండా మాటిమాటికీ లేపితే ఎదుగుదల తగ్గుతుంది. ఇది విని ఒక పొగాకు రైతు మందుల షాపులో ఆస్పిరిన్ మాత్రలు కొని నీళ్లలో కలిపి నారుమడి మీద కొట్టాడు, మోతాదు ఎక్కువై ఆకు అంచులు మాడాయి, నారు పది రోజులు వెనకపడింది. దయచేసి ఎవరూ చేయకండి. మూడోది, ఎండ. పొగాకులో ఆ వైరస్‌ను ఆపే జన్యువు 28 డిగ్రీలు దాటితే పనిచేయడం మానేస్తుంది. అంత గట్టి కాపలా కూడా వేడికి నిద్రపోతుంది, మన ఎండల్లో డబ్బా మీది మాటను ఎంత నమ్మాలో చూసుకోండి.

డబ్బా మీద ఏముందో చదవండి. మొక్కల ఎదుగుదలకు వాడే బయోస్టిమ్యులెంట్లు 2021 నుంచి ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కిందికి వచ్చాయి. తెగులు తగ్గిస్తుందని రాస్తే అది 1968 నాటి పురుగుమందుల చట్టం కింద నమోదై ఉండాలి. నమోదు సంఖ్య లేకుండా ‘అన్ని తెగుళ్లకూ’ అని ఉంటే తిరిగి ఇచ్చేయండి.

అన్ని తెగుళ్లకూ అన్న మాట దగ్గర నాకు కోపం వస్తుంది, ఎందుకో చెప్తాను. పాముపొడ తెగులునే తీసుకోండి. ఆ శిలీంద్రం చచ్చిన కణాలనే తిని బతుకుతుంది. అగ్గి తెగులు మీద గెలిపించిన ఆత్మత్యాగం పాముపొడ ముందు పనికిరాదు, వండి వడ్డించినట్టే అవుతుంది. అందుకే దానికి పూర్తిగా నిలిచే వరి రకం ఇప్పటిదాకా చేతికి రాలేదు, దూరంగా నాటడం, నత్రజని తగ్గించడమే మనకున్న బలం. శనగలో ఎండు తెగులు మళ్లీ ఇంకో దారి, వేరులో నుంచి నీటి గొట్టాల్లోకి ఎక్కుతుంది, మొక్క ఆ గొట్టాలకు బిరడాలు పెట్టుకుని ఆపాలి. ప్రకాశం జిల్లాలో జేజీ 11 అనే శనగ రకం అంతగా పాకడానికి ఎండు తెగులును తట్టుకోవడం ఒక ముఖ్య కారణం.

బ్యాక్టీరియా ఎండాకు తెగులు కథ నాకు అన్నిటికంటే ఇష్టం. ఆ బ్యాక్టీరియా తన ప్రొటీన్‌ను వరి కణ కేంద్రకంలోకి పంపి, పంచదార బయటికి పంపే కుళాయి జన్యువును ఆన్ చేస్తుంది, వచ్చిన పంచదార తాగి పెరుగుతుంది. ఎక్స్‌ఏ 13 అనే జన్యువున్న వరిలో ఆ స్విచ్ దగ్గర చిన్న మార్పు ఉంటుంది, బ్యాక్టీరియా చెయ్యి ఆనదు, కుళాయి తెరుచుకోదు. దాంతోపాటు ఎక్స్‌ఏ 5నూ, ఆఫ్రికా అడవి వరి నుంచి వచ్చిన ఎక్స్‌ఏ 21నూ కలిపి హైదరాబాద్‌లోని సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం), వరి పరిశోధన సంస్థల శాస్త్రవేత్తలు మన సాంబ మసూరికే ఎక్కించారు. 2008లో విడుదలైన ఇంప్రూవ్డ్ సాంబ మసూరి అదే. ఒక్క తాళం పగిలినా ఇంకో రెండు ఉంటాయి కాబట్టి ఎక్కువ కాలం నిలుస్తుంది. కానీ అది ఎండాకు తెగులుకు మాత్రమే, అగ్గి తెగులు దానికి మామూలు బీపీటీకి వచ్చినట్టే వస్తుంది. ఈ తేడా తెలియక వచ్చే ఏడాది ఆ విత్తనం కొని మోసపోయామని అనుకోవద్దు.

మీరు చేయాల్సింది: బీపీటీ రెండెకరాలకు లీటరు నీటికి ట్రైసైక్లజోల్ 75 శాతం పొడి మందు 0.6 గ్రాములు గానీ, ఐసోప్రోథయోలేన్ 1.5 మిల్లీలీటర్లు గానీ, లేబుల్ ఒకసారి చూసుకుని, ఆకు మొత్తం తడిసేలా సాయంత్రం పూట కొట్టండి. మచ్చలు ఇప్పటికే ఉన్నాయి కాబట్టి నేనైతే ఐసోప్రోథయోలేన్‌తో మొదలుపెడతాను. మడిలో నీళ్లు పలచగా నిలబెట్టి ఉంచండి. ఈనిక (వెన్ను బయటికి వచ్చే దశ) ముందు ఇంకోసారి చూడాలి, ఎందుకంటే ఆకు మీద తప్పించుకున్న తెగులు వెన్ను మెడ దగ్గర పట్టిందంటే మెడ విరుపు వస్తుంది, గింజ పాలు పట్టకుండానే తాలు పోతుంది. ఆ సమయంలో మంచు ఉండి, ఆకు మీద కొత్త మచ్చలు కనిపిస్తుంటే రెండోసారి తప్పదు. ఎన్‌ఎల్‌ఆర్ పొలానికి మాత్రం ఇప్పుడు ఏమీ కొట్టకండి. టిఫిన్ డబ్బా పరీక్ష చేసి రెండు ఫొటోలూ పెట్టండి, ఆ చుక్కలు నేనూ చూస్తాను.